నాలుగో రోగి

బొల్లారంలో మందుపొడి తయారుచేసే ఒక కంపెనీ డిస్పెన్సరీ. మధ్యాహ్నం షిఫ్టు లోపలికి పోయింది, బల్ల దగ్గర జనం లేరు. ముత్యమ్మ కొంగులోంచి డాక్టర్ల ఇంగ్లీషు పుస్తకమొకటి తీసి కాంపౌండరు వెంకటరామయ్య ముందు పెట్టింది. ఆమె పెనిమిటి కిష్టప్ప పోయి ఏడాదయింది. ఆయన జబ్బు సంగతి అందులో అచ్చయింది.

"ఇది నీకెవరిచ్చారమ్మా?"

"యాదన్న ఇచ్చిండు సారూ, ఆయనతోని పనిజేసెటోడు. పట్నం డాక్టరు కంపెనీకి పంపిండట. గీ పేజీల ఉన్నడు, సూడుండ్రి."

"ఇవి డాక్టర్ల రాతలు. నీకెందుకమ్మా ఇవన్నీ?"

"నా మొగడు గద."

"ఫొటోలో కళ్ళ మీద నల్లపట్టీ వేశారు. కిష్టప్పేనని ఏంటి నమ్మకం?"

"అంగీ రెండో గుండీ సూడుండ్రి. అన్ని తెల్లయి, అదొక్కటి నల్లది. నేను కుట్టిందే. పట్టెందుకు సారూ, దొంగతనం జేసిండా?"

"ఎవరూ గుర్తుపట్టకూడదని వేస్తారు."

"ఆయనను ఎవలు గుర్తువడ్తరు, నేను దప్ప? జెర సదువుండ్రి."

"సరే, విను. నాలుగో రోగి. పురుషుడు. నలభై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా పొడి సంచులు నింపే పని. రోజుకు పది బీడీలు..."

"పదా! అబద్ధం. ఆరే. నేనే తెచ్చిస్తుంటి."

"ఏడు నెలలుగా దగ్గు, ఆయాసం. బరువు ముప్పై తొమ్మిది కిలోలు."

"పేరు లేదా?"

"పేర్లు రాయరమ్మా."

"పోనీ, ఆయనకు ఎవలున్నరో అది రాస్తరా?"

"అంటే..."

"నేనున్ననని ఉన్నదా సారూ? ఆయన నోటెంట నా మాట వచ్చిందా? గదొక్కటే నాకు గావాలె. ఏడాది సంది గదే పరేషాన్."

"ఉంటుంది, ఉంటుంది... కళ్ళజోడు ఎక్కడ పెట్టానో."

"కండ్లకే ఉన్నది సారూ."

"ఆఁ. ఇదిగో. 'రోగి భార్య ముత్యమ్మ...'"

"పేర్లు రాయరంటిరి?"

"పేరు నేను కలిపానులే. 'రోగి భార్య రోజూ హత్నూర నుంచి బస్సులో రొట్టెలు తెచ్చి, గేటు దగ్గర నిలబడేది. ఆమె వచ్చిన పూట రోగి కడుపునిండా తినేవాడు.'"

"డాక్టరు ఒక్కపారే వచ్చె. గేటు కాడ నేను నిలవడుడు ఆయనకెట్ల ఎరుక? సూసింది మీరు గద."

"నేనే చెప్పుంటాను."

"డాక్టరు వచ్చిననాడు ఆయన జబ్బు ఫారం రాసింది గుడ మీరే. ఇంట్ల ఎవలెవలని ఆయనను అడిగితిరి. నేను కిటికీ బయటనే ఉన్న. దగ్గుల ఇనవడలే. ఏమన్నడు?"

"ఎప్పటి మాటమ్మా... గుర్తులేదు."

"ఆయన పండుకునే కంపెనీ షెడ్డుల మంచం ఒంటరోళ్ళకే ఇస్తరు. పెండ్లామున్నదంటే ఖాళీ జేయిస్తరు. గందుకని ఏమన్న..."

"కడుపునిండా తినేవాడని రాసుంది. చెప్పానుగా."

"ఇంకేమున్నది?"

"'చివరి రోజుల్లో భార్యనే తలుచుకున్నాడు.' అంతే, పేజీ అయిపోయింది."

"మంచిగ సదివిండ్రు సారూ."

"ఇక బయల్దేరమ్మా. బస్సు తప్పిపోతుంది."

"పోత. మొన్న మా ఊరి ఇంగ్లీషు పంతులు లింగం సారు మొత్తం సదివి జెప్పిండు. 'ఒంటరి మనిషి, నా అన్నోళ్ళు లేరు'... గంతే ఉన్నదన్నడు. ఇంట్ల ఆయన ముచ్చట దీసెటోళ్ళే లేరు సారూ. రోగి భార్య అన్న కాణ్ణించి జెర మళ్ళొక్కపారి సదువుండ్రి."