తెల్లది వేసుకున్నారా?

మధ్యాహ్నం వేళ, తాళాలు బాగుచేసే చిన్న కొట్టు. గోడ నిండా ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు వేలాడుతున్నాయి. తండ్రి రాపిడి మిషను ముందు వంగి కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ కూతురు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషి. ఉద్యోగంలో ఎప్పుడూ గొంతు పెంచదు. ఇవాళ మాత్రం వీధి మొదట్నించీ అరుస్తూనే వచ్చింది.

“నీళ్ళు నమలకు నాన్నా. వేసుకుంటున్నావా, లేదా?”

“ముందు లోపలికి రా తల్లీ. ఎండలో నిలబడి ఆ అరుపులేంటి?”

“వేసుకుంటున్నావా, లేదా?”

“ఏది?”

“ఏదేంటి! తెల్ల మాత్ర. కడుపులో మెలిపెడితే వేసుకునేది. కడుపు డాక్టరు మానెయ్యమన్నది.”

“మానెయ్యమన్నారని నీకెవరు చెప్పారు?”

“ఆయనే. బస్సెక్కడానికి వచ్చి కనిపించారు. ‘మీ నాన్నగారి కళ్ళెలా ఉన్నాయమ్మా, తెల్ల మాత్ర మానేశారుగా, కొత్త క్యాప్సూల్ పడిందా’ అన్నారు. నాకేం తెలుసు? తెల్లమొహం వేశాను.”

“పడింది. క్యాప్సూల్ బాగానే పడింది.”

“అంటే రెండూ వేసుకుంటున్నావా?”

“ఆ ఆకురాయి ఇటందివ్వు.”

“మాట దాటెయ్యకు.”

“దాటెయ్యటం కాదే, చేతిలో పనుంది. మూలింటావిడ తాళంచెవి తిరగట్లేదని మళ్ళీ తెచ్చి పడేసింది.”

“నువ్వు కోసిన తాళంచెవా? వెనక్కొచ్చిందా?”

“అసలుదీ నకలుదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకేలా ఉన్నాయి. వేలితో తడిమితే తెలిసింది. ఒక పన్ను ఎక్కువ అరిగిపోయింది.”

“కళ్ళకి కనపడలేదా?”

“మసగ్గా ఉందిలే ఇవాళ. మబ్బు పట్టింది.”

“బయట ఎండ మండిపోతోంది నాన్నా.”

“ఆ లైటు కొంచెం ఇటు తిప్పు.”

“కళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. లైటు చుట్టూ రంగులు కనిపిస్తున్నాయన్నావట ఆయనతో. చుక్కలు వేస్తున్నా కంట్లో ఒత్తిడి ఎందుకు దిగట్లేదో అర్థంకాక ఆయన తల పట్టుకున్నారట. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే ఏం చెప్పావు?”

“కళ్ళ డాక్టరుకి కడుపు గోల ఎందుకని...”

“ఎందుకా! ఆ మాత్ర పేగుల్ని వదులు చేస్తుంది, నిజమే. కానీ నీలాంటి కళ్ళకి ఒత్తిడి పెంచుతుంది. అందుకేగా నీ కళ్ళ సంగతి వినగానే కడుపు డాక్టరు అది తీసేసి వేరేది రాశారు. ఇలాగే పోతే చూపు పోతుందన్నారు. పోతే మళ్ళీ రాదన్నారు.”

“ఆ మాత్ర విలువ నీకు తెలీదు. అదొచ్చాకే నేను మనిషినయ్యాను. అంతకుముందు ఎవరింటికి తాళం తియ్యడానికి వెళ్ళినా, తలుపు తెరుచుకోగానే బాత్రూమెక్కడండీ అని పరిగెత్తేవాణ్ణి. దొంగలు కూడా అంత తొందరపడరు.”

“నవ్వించకు. నవ్వొచ్చే విషయం కాదిది.”

“స్కానింగుల్లో ఏమీ లేదు. పుండు లేదు, గడ్డ లేదు. పేగులు అలిగాయంతే అన్నారు. ఆ అలక తీర్చింది ఈ మాత్రే.”

“క్యాప్సూల్ తీర్చట్లేదా?”

“తీరుస్తోంది.”

“మరి తెల్లదెందుకు?”

“ఆ ఫోను కొంచెం ఇటు జరుపు.”

“నాన్నా. తెల్లదెందుకు?”

“కాసేపు మాట్లాడకు. టైమైంది.”

“ఏం టైము?”

“ష్.”

“ఏవండీ... మాత్ర వేసుకున్నారా? తెల్లది. వేసుకుని అరగంట ఆగి తినండి. మర్చిపోకండి.”

“ఆఁ. వేసుకుంటున్నా.”

“నాన్నా! ఎవరికి చెప్తున్నావు?”

“మీ అమ్మకి.”

“అది ఫోన్లో అలారం నాన్నా.”

“తెలుసు.”

“అమ్మ పోయి ఏడాది దాటింది.”

“అదీ తెలుసు. ఆ నీళ్ళ సీసా ఇటివ్వు.”

“ఇవ్వను. మాత్ర కింద పెట్టు. పెట్టు నాన్నా! ఇంకా ఎక్కడివి ఇవి?”

“మందుల షాపులో పాత చీటీ చూపిస్తే ఇస్తారు. మీదపడకే, మిషను తగులుతుంది.”

“నీకు భయం వెయ్యట్లేదా? ఆ గొంతు అలా వచ్చి మీద పడుతుంటే?”

“మొదట్లో భయం వేసేది. ఇప్పుడు రాకపోతే భయం వేస్తుంది. పొద్దస్తమానం ఈ కొట్లో ఒక్కణ్ణే కూర్చుంటాను. రాపిడి చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండదు. అప్పుడు ఎవరో నన్ను తల్చుకుని, తిన్నావా, మందు వేసుకున్నావా అని అడుగుతారు. అడిగినవాళ్ళకి లేదని ఎలా చెప్పను?”

“వేసుకున్నానని చెప్పు. వేసుకోకు.”

“అంత ప్రేమగా అడుగుతుంటే అబద్ధమాడమంటావా?”

“క్యాప్సూల్ వేసుకుంటున్నావుగా, అది చాలదా?”

“క్యాప్సూల్ డాక్టరు చెప్పాడని వేసుకుంటాను. ఇది ఆ గొంతు చెప్పిందని వేసుకుంటాను. నిన్న పని తొందరలో ఒకసారి తప్పిపోయింది. మనసొప్పక తర్వాత రెండు కలిపి వేసుకున్నా.”

“రెండా!”

“నోరంతా పిడచకట్టుకుపోయింది. కళ్ళు బైర్లు కమ్మి ఆ బల్ల పట్టుకుని నిలబడ్డాను.”

“ఒకటి తప్పితే తప్పినట్టే. రెండు కలిపి మింగమని ఎవరు చెప్పారు నీకు? ఆ గొంతు చెప్పిందా? దానికేం తెలుసు నాన్నా! డాక్టరు మందు మార్చారని ఆ గొంతుకి తెలీదు. నీ కళ్ళు పాడవుతున్నాయని తెలీదు. దానికి వచ్చిందల్లా ఒకటే మాట. తెల్లది, తెల్లది, తెల్లది! తెలిసుంటే చెప్పేదా? చచ్చినా చెప్పేది కాదు!”

“ఏడవకు.”

“అది నీ కళ్ళు తీసేస్తోంది నాన్నా.”

“నువ్వెందుకంత ఇదవుతావు? చెప్పింది నువ్వు కాదుగా.”

“నేను... ఆ ఫోనిటివ్వు. తీసేస్తాను.”

“తీసేస్తే మళ్ళీ వస్తుందా?”

“రాదు.”

“మీ అమ్మ తన గొంతు రికార్డు చేసిపెట్టిన పాత ఫోను బకెట్లో పడ్డప్పుడు, తను రెండోసారి పోయిందనుకున్నాను. అన్నం సయించలేదు. మందులూ మానేశాను. కడుపు మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు నువ్వేగా, ఫోన్ల రిపేరు షాపతను పాత గొంతు తీసిచ్చాడని ఈ కొత్త ఫోన్లో పెట్టి తెచ్చావు.”

“ఆఁ... తీసిచ్చాడు.”

“మంచి పనివాడు.”

“ఆఁ.”

“అచ్చు దింపినట్టు చేశాడు.”

“ఇప్పుడదంతా ఎందుకు నాన్నా?”

“ఊరికే. మీ అమ్మ నన్నేమని పిలిచేదో తెలుసా నీకు?”

“ఏవండీ అనేగా.”

“అది నలుగురిలో. షట్టరు దించాక వేరే పేరుండేది. పాత ఫోన్లోనూ ఆ పేరే.”

“ఏం పేరు?”

“నీకెందుకులే అది.”

“నాన్నా, నా వైపు చూడు. చూశావా? నా మొహం కనిపిస్తోందా సరిగ్గా?”

“చుట్టూ కొంచెం చెదిరినట్టుంది. మధ్యలో నువ్వే.”

“ఆ చెదిరింది రేపు మధ్యకి వస్తుంది. అప్పుడు తాళంచెవి ఎలా కోస్తావు? నన్నెలా చూస్తావు?”

“నువ్వు రావుగా చూడ్డానికి.”

“మొన్న వచ్చాను.”

“అన్నం డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్ళావు. నేను తలెత్తేసరికి వీధి మలుపులో ఉన్నావు.”

“నీ మొహం చూస్తే నాకు మాట రాదు నాన్నా. అమ్మ పోయాక అంతే. మైకు ముందు రోజంతా వాగుతాను. ఇక్కడికొస్తే గుమ్మం దాటలేను.”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు?”

“తెలుసులే. ఇంద.”

“ఏంటిది?”

“చేతిలో ఉన్న మాత్ర. ఆ సొరుగులో మిగతా పట్టీలున్నాయి. పాత చీటీ కూడా అందులోనే ఉంది. నువ్వే పట్టుకుపో.”

“నిజంగానా? మళ్ళీ కొనవుగా?”

“కొనను.”

“సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. వేసే చుక్కలు, మింగే మందులు అన్నీ సంచిలో వేసుకుని రా. అన్నీ ఆయన ముందు పెడదాం. నిన్న రెండు కలిపి మింగిన సంగతి కూడా చెప్దాం. ఇకమీదట ఏది ఆపాలన్నా, ఏది వేసుకోవాలన్నా డాక్టర్లని అడిగే. ఈలోగా కన్ను నొప్పెడితే సాయంత్రం దాకా ఆగకు, వెంటనే ఫోన్ చెయ్యి.”

“మరి నీ డ్యూటీ?”

“మార్చుకుంటాను.”

“నాతో వస్తావా? లోపలిదాకా?”

“లోపలిదాకా వస్తాను. ఇప్పుడివ్వు నాన్నా ఆ ఫోను.”

“తీసుకో.”

“తీసేస్తున్నా. ఆఖరిసారి వింటావా?”

“వద్దు. తీసెయ్. తీసేసి కొత్తది పెట్టు. తెల్లది వద్దని చెప్పు, క్యాప్సూల్ వేసుకోమని చెప్పు.”

“కొత్తదంటే... ఎవరి గొంతుతో?”

“ఇన్నాళ్ళూ ఎవరి గొంతుతో పెట్టావో వాళ్ళ గొంతుతోనే. కాకపోతే ఈసారి ‘ఏవండీ’ అనకు తల్లీ, ‘నాన్నా’ అని పిలు.”