నాలుగు నిమిషాల పది సెకన్లు

(సెల్‌ఫోన్ల రిపేరు షాపు. శనివారం మధ్యాహ్నం. బల్లకి అటువైపు రిపేరు చేసే అతను, ఇటువైపు స్టూలు మీద ఒక పెద్దావిడ. ఆవిడ పక్కన ఒక కస్టమరు నిలబడి ఉన్నాడు.)

"సార్, కాస్త జరగండి, కనపడట్లేదు."

"ఇంకా ఎంతసేపయ్యా? గ్లాసు అతికించడానికి గంటా?"

"రెండు నిమిషాల పని సార్. మీరు వెలుతురికి అడ్డం నిలబడితే మాత్రం గంటే. ఇదిగో, అయిపోయింది. ఈ పూటకి తడి తగలనివ్వకండి."

"సరే, వస్తా."

"మంచిది సార్. చెప్పండమ్మా. ఈ వారం ఎన్ని?"

"మూడు. రెండు వీడియోలు పాతవాళ్ళే మళ్ళీ పెట్టారు. ఒకటి కొత్తది. 'స్తంభం మీద లైన్‌మ్యాన్ ఆఖరి క్షణాలు' అని పేరు పెట్టి, మా అబ్బాయి మీద పాట కూడా వేశాడు."

"పాటా?"

"ఏడుపు పాట. కింద అందరూ దండం బొమ్మలు పెట్టారు. పన్నెండు వేల మందికి నచ్చిందట."

"కింద రాసినవి చదవొద్దని చెప్పాను కదమ్మా. ఫోనిలా ఇవ్వండి. ఆగండి, సౌండ్ తీసేస్తాను."

"నువ్వెప్పుడూ ముందు సౌండ్ తీసేస్తావు."

"మీరు వినకూడదని."

"నేను విననిదా బాబూ అది?"

"విన్నా సరే. మళ్ళీ మళ్ళీ ఎందుకు... ఇదిగో, మూడింటి మీదా ఫిర్యాదు పెట్టేశాను. దీంతో రెండొందల పద్దెనిమిది."

"పోయిన వారం పెట్టినవాటికి జవాబొచ్చిందా?"

"వచ్చింది. ఒకటి తీసేశారు. మిగతా రెండూ..."

"చెప్పు."

"'మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనపడలేదు' అన్నారు."

"మనిషి నాలుగు నిమిషాల పది సెకన్లు కరెంటు తీగకి వేలాడితే, వాళ్ళకేమీ కనపడలేదా?"

"రక్తం లేదు కదమ్మా అందులో. రక్తం ఉంటే మెషీనే పట్టేసుకుంటుంది. లేకపోతే మామూలు వీడియో కింద లెక్క."

"మా వాడికి రక్తం రాలేదు. అదీ వాడి తప్పేనన్నమాట."

"నేను వాళ్ళ మాట చెబుతున్నానమ్మా, నా మాట కాదు."

"తెలుసులే. నిన్నెందుకంటాను? ఏడు నెలల్నుంచి శనివారం శనివారం నీ పని మానుకుని కూర్చుంటున్నావు. సొంత కొడుకైనా రెండోసారికే విసుక్కునేవాడు."

"అలా అనకండమ్మా. మీ మనవరాలెలా ఉంది?"

"సోమవారం నుంచి కొత్త బడి."

"మళ్ళీనా? మొన్నేగా మార్చారు?"

"అక్కడా తెలిసిపోయింది. పక్క బెంచీ పిల్ల వాళ్ళ మావయ్య ఫోన్లో చూసి, ఆ ఫోన్ బడికి తెచ్చిందట. 'మీ నాన్న స్తంభం మీద డాన్సు చేస్తున్నాడు, చూడు' అని చూపించిందట. ఆ పిల్లకీ ఎనిమిదేళ్ళే, దాన్నేమంటాం? మేమేమో మా పిల్లకి, నాన్న ఆస్పత్రిలో నిద్రలో పోయాడని చెప్పుకున్నాం."

"అయ్యో. మరి ఎంతసేపు చూసింది?"

"అర నిమిషం. టీచరొచ్చి లాక్కున్నారట. ఇంటికొచ్చి వాళ్ళమ్మని ఒకటే ప్రశ్న. 'నాన్నని ఎవరూ కిందకి దించలేదేంటి? అంతమంది ఉన్నారు కదా' అని. మా కోడలు ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. బడికెవరు వేస్తారు తాళం?"

"కొత్త బడిలో తెలియకపోవచ్చమ్మా. మొదట పెట్టినవాడు రెండు గంటల్లోనే తీసేశాడు, ఈ తిరిగేవన్నీ కాపీలే. ఎప్పటికో ఒకప్పటికి తగ్గిపోతాయి."

"రెండు గంటల్లో తీసేశాడని నీకెలా తెలుసు?"

"అంటే... మామూలుగా అలాగే చేస్తారమ్మా. భయమేసి."

"ఓహో."

"మంచినీళ్ళు ఇవ్వనా?"

"వద్దు. నేను లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను బాబూ, కోడల్ని వెంటబెట్టుకుని. ఆవిడో దారి చెప్పింది."

"ఏం దారి?"

"వీడియో మీద హక్కు చచ్చిపోయినవాడిది కాదట, వాడి తల్లిదీ కాదట. తీసినవాడిదట. వాడొచ్చి, 'ఇది నాది, నన్నడక్కుండా వాడుతున్నారు' అని మొదటి కాపీతో సహా రాసిస్తే, దాన్ని పోలినవన్నీ కంపెనీవాళ్ళే వెతికి తీసేస్తారట. మనం ఒక్కొక్కటీ ఏరుకోనక్కర్లేదు."

"నిజమే, అలాంటిదొకటి ఉంది."

"ఉందని నీకు తెలుసా?"

"విన్నాను. మనకి పనికొచ్చేది కాదని చెప్పలేదు. వాడెక్కడ దొరుకుతాడమ్మా ఇప్పుడు? ఈపాటికి ఫోన్ కూడా మార్చేసుంటాడు."

"నలభై మంది ఉన్నారు ఆ రోజు కూడల్లో. అందరి చేతుల్లోనూ ఫోన్లే. లైను ఆపామంటేనే మా వాడు ఎక్కాడు, ఎవడో చూసుకోకుండా మళ్ళీ వేశాడు. స్తంభం మీద సబ్‌స్టేషన్ నంబరు ఇంతింత అక్షరాలతో రాసుంది. వీడియోలో కూడా శుభ్రంగా కనపడుతుంది. ఒక్కడు ఆ నంబరుకి ఫోన్ చేసి ఉంటే చాలు, లైను ఆపేసేవాళ్ళు."

"ఎవరో చేసే ఉంటారు అనుకుంటామమ్మా అలాంటప్పుడు. పక్కవాడు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంటే, అదే చేస్తున్నాడనుకుంటాం."

"పక్కవాడు?"

"ఎవరైనా. మాటవరసకి అంటున్నాను. వాడు దొరికితే మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? కాగితం మీద సంతకం పెట్టమంటాను."

"అంతేనా?"

"మొదట్లో తిట్టాలనుకునేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడి, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో వరస కట్టుకునేదాన్ని. ఇప్పుడా ఓపిక లేదు. పిల్ల బడికెళ్ళి నవ్వుకుంటూ ఇంటికొస్తే చాలు."

"సంతకం పెడితే వాడి పేరు బయటికొస్తుంది కదమ్మా. ఎవరెవరి వీడియోలు పోయాయో వాళ్ళందరికీ, 'ఫలానావాడు తీయించాడు' అని పేరుతో సహా వెళ్తుంది. వాళ్ళు ఊరుకుంటారా? ఇదిగో తీసినవాడు వీడే అని మళ్ళీ ఊరంతా చాటింపు వేస్తారు. వాడికీ ఒక షాపు, పెళ్ళాం, పిల్లలు..."

"షాపా?"

"ఏదో ఒక పని అంటున్నాను."

"బయటికొస్తుందని లాయరమ్మ కూడా చెప్పింది. అందుకే ఎవరూ ముందుకి రారంది."

"పైగా, అది చేసినా పూర్తిగా పోదమ్మా. ఇప్పటికే ఫోన్లలో దింపుకుని దాచుకున్నవాళ్ళు ఉంటారు. రెండేళ్ళకో, మూడేళ్ళకో ఎవడో ఒకడు మళ్ళీ ఎక్కిస్తాడు. నీళ్ళలో కలిసిన ఉప్పుని ఏరినట్టే ఇది."

"తెలుసు. పూర్తిగా పోవాలని ఎప్పుడో మానేశాను అడగడం. పిల్ల పెద్దదయ్యేదాకా కాస్త తగ్గితే చాలు. పెద్దయ్యాక తనంతట తను వెతుక్కుని చూస్తే చూడనీ, అది దాని ఇష్టం. ఎనిమిదేళ్ళకి వద్దు బాబూ. వాళ్ళ నాన్న ముఖం దానికి అలా గుర్తుండిపోకూడదు."

"అమ్మా..."

"ఊఁ."

"ఏం లేదు."

"చెప్పు."

"ఈ సొరుగులో ఒక ఫోనుంది. అద్దం ముక్కలైపోయింది. ఆ రోజు సాయంత్రం నేనే నేలకేసి కొట్టాను. లోపల మెమరీకి ఏమీ కాలేదు. దాన్ని చెరిపేద్దామని ప్రతివారం బయటికి తీస్తాను, మళ్ళీ లోపల పెట్టేస్తాను."

"ఏముంది అందులో?"

"మొదటి కాపీ."

"నీ దగ్గరికెలా వచ్చింది?"

"రాలేదమ్మా. నేనే తీశాను."

"ఎక్కించింది కూడా నువ్వేనా?"

"నేనే. ఎందుకెక్కించానని అడగొద్దు, ఏడు నెలల్నుంచి నాకూ తెలియట్లేదు. కింద ఒకావిడ 'పాపం, వీళ్ళమ్మ చూస్తే' అని రాసింది. అది చదివి వెంటనే తీసేశాను. రెండు గంటలు కూడా కాలేదు. ఆలోపే ఎవరో దింపేసుకున్నారు. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

"ఊఁ."

"మీరొచ్చినప్పుడు, ఒక్కొక్కటే అన్నీ తీయించేస్తే ఇక మీకు చెప్పే పని ఉండదనుకున్నాను. ఏదైనా అనండమ్మా. వరస కట్టుకున్నారుగా, అదైనా అనండి."

"కాగితం నింపు ముందు. సంచిలో ఉంది, తీసుకో."

"నింపుతాను. మీ కాగితాలన్నీ నేనేగా నింపేది. ఇదేనా? 'వీడియో తీసిన వ్యక్తి పేరు'... అమ్మా, ఇది నింపే ఉంది."

"ఉంది."

"ఇది నా పేరు. కింద ఈ షాపు అడ్రసు. ఎవరు రాశారు ఇది?"

"మా కోడలు. నాలుగు శనివారాల్నుంచి తెస్తున్నాను, పట్టుకెళ్తున్నాను. నువ్వే చెప్పాలని ఆగాను. సంతకం ఒక్కటే బాకీ."

"మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. వీడియోలో మా వాడి అరుపు కంటే ముందు ఒక గొంతు వినపడుతుంది, 'కాస్త జరగండి, కనపడట్లేదు' అని. బ్యాటరీ వేయించుకుందామని మొదటిసారి వచ్చి ఈ బల్ల ముందు నిలబడితే, నువ్వు తలెత్తకుండా నన్నూ అదే మాట అన్నావు."