సగం చీలాలో పావులు

రాయపూర్ రైల్వే క్వార్టర్లో, ఏడో క్లాసు గ్రూపులో పెట్టడానికి స్నేహితురాళ్ళిద్దరు లెక్కల వీడియో తీస్తున్నారు. లెక్కలంటే హడలిపోయే అమ్మాయి ఫోను పట్టుకుంది. క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి బియ్యప్పిండితో పోసిన చీలా అట్టును సగానికి తుంచి చూపించింది.

"ఈ సగాన్ని పావుతో భాగిస్తే అరపావు వస్తుంది."

"అరే, రుకో, ఆగు! ఆ సగంలో పావు ముక్కలెన్నున్నాయే?"

"రెండు... అయ్యో, గుణించేశాను! డిలీట్ చేసెయ్."

"చస్తే చెయ్యను! ఎప్పుడూ నేను చేసే తప్పే ఇది. ఎందుకు తప్పో ఇప్పుడు కళ్ళారా చూశాను!"

"నా గల్తీ క్లాసంతా చూస్తారే!"

"చూడనీ! నువ్వే తప్పు చేశావంటే ఇక నాలాంటోళ్ళు భయపడరు."

"సరే, ఫోనిటివ్వు. తప్పు కనిపెట్టింది నువ్వేగా, మిగతాది నువ్వే చెప్పు."

"నేనా?" ఆమె ఫోను అందించి జడ సర్దుకుంది. "అయితే ఇంకో చీలా వెయ్యవే, ఈసారి పెద్దది!"