టవర్ బాబాయ్ తీసిన లాక్

మెషిన్ ఉన్న గుడ్డసంచిని గుండెకి అదుముకుని వ్యాన్ డ్రైవరు టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి, టవర్ బాబాయ్ అప్పటికే బల్ల మధ్యలో కూర్చుని మొదలెట్టేశాడు. ఆయన మొదలెట్టాక ఆపడం ఎవరి తరమూ కాదని ఆ రిపేరు సందులో అందరికీ తెలుసు. పాపం, డ్రైవరుకే తెలీదు.

అతను పొద్దున్నించి ఆ సందులో ఎక్కని మెట్టు లేదు. ఫోన్లు బాగుచేసేవాడు సంచిలోకి తొంగిచూసి "ఇది మనవల్ల కాదన్నా" అన్నాడు. టీవీలు బాగుచేసేవాడు స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించి, "లోపల సామానంతా బాగానే ఉంది, లాక్ పడింది, కంపెనీవాళ్ళే తీయాలి" అన్నాడు. ఆ కంపెనీని ఇంకో కంపెనీ ఎప్పుడో కొనేసింది. కొత్తవాళ్ళకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది, పాట అయ్యాక కట్టైపోతుంది. చివరికి ఛార్జర్లు అమ్మే అతను, "టీ కొట్టు దగ్గర టవర్ బాబాయ్ ఉంటాడు, అచ్చం ఇలాంటి మెషిన్‌కే లాక్ తీశానని చెబుతుంటాడు, అడిగి చూడు" అన్నాడు. ఆ మాట అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ, ఆశపడ్డవాడికి అలాంటివి కనబడతాయా?

ఆ మెషిన్ డ్రైవరు భార్యది. ఆవిడ పడుకుంటే ఊపిరి అందదు. ముక్కుకీ నోటికీ కలిపి తొడుగు పెట్టుకుంటే, మెషినే గాలిని లోపలికి నెడుతుంది. నిన్న సాయంత్రం దాని తెర మీద, అప్‌డేట్ చేయమంటారా అని వచ్చింది. ఫోన్‌లో అడిగినా, వ్యాన్‌లో దారి చూపించే దాంట్లో అడిగినా అవునని నొక్కేయడమే అతనికి అలవాటు. దీనికీ అలాగే నొక్కాడు. మెషిన్ ఒకసారి ఆగి, వెలిగి, కోడ్ చెప్పమంది. ఏం కోడో ఎవరికి తెలుసు? ఇక రాత్రంతా ఆవిడ గోడకి ఆనుకుని కూర్చునే ఉంది, తెల్లారేసరికి పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, "ఇంట్లో మెషిన్ ఉందంటున్నారుగా, బాగుచేయించి దాని మీదే ఉంచండి, ఇక్కడ మంచాలు ఖాళీ లేవు" అని పంపేశారు. "సాయంత్రానికల్లా బాగుచేయించుకొస్తా, అప్పటిదాకా పడుకోకు" అని భార్యకి మాటిచ్చి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టి బయల్దేరాడు. ఇప్పుడు సందులో ఎండ మేడల పైఅంచు దాకా వెళ్ళిపోయింది.

"బాబాయిగారూ, ఒక్క మాట..."

"కూర్చోవోయ్, కూర్చో. సమయానికే వచ్చావ్, అసలు సంగతిలోకి ఇప్పుడే దిగుతున్నా." టవర్ బాబాయ్ జరిగి చోటిచ్చాడు. మనిషి సన్నంగా, పొడుగ్గా, చొక్కా జేబులో మూడు ఫోన్లతో ఉంటాడు, మూడింట్లో ఒక్కటీ మోగగా ఎవరూ వినలేదు. "ఎక్కడున్నాం? ఆఁ, మా అమ్మ మెషిన్. మా అమ్మకి ఊపిరి మెషిన్ ఉండేది, అదిగో, నీ చేతిలో సంచి ఉందే, అంతే ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి తెర నల్లబడింది. మధ్యలో తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటోంది, కోడ్ అంటుంది, కిందేమో వరసగా ఖాళీ డబ్బాలు. నువ్వేది నొక్కినా కీచుమంటుంది."

డ్రైవరు సంచివైపు చూసుకున్నాడు. అదే గీత, అవే డబ్బాలు, అదే కీచు! చూడనివాడు ఇంత సరిగ్గా చెప్పలేడు. చచ్చి బతికినట్టయి బల్ల అంచున కూర్చున్నాడు.

"ఇంకొకడైతే ఏడుస్తూ కూర్చునేవాడు. నేనా? కంప్యూటర్ తీశాను. లోకంలో మంచివాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు నాయనా, వాళ్ళు రాసిన ప్రోగ్రాం బీరువాలో పెట్టి తాళమేసుకోరు, నడిబజార్లో పెడతారు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. అంటే, వంటింట్లోకి దారినపోయేవాడు కూడా వచ్చి ఉప్పు చూసి వెళ్ళొచ్చన్నమాట. ఎవడో మహానుభావుడు ఈ మెషిన్‌కీ ఒకటి రాసిపెట్టాడు. ఎక్కించాను, ఎక్కలేదు. విప్పి చూస్తే ఒక లైను తప్పు. దిద్దాను. బుస్సుమంది మెషిన్! మా అమ్మ హమ్మయ్య అని పక్కకి తిరిగి పడుకుంది."

"ఆ లైనేంటి బాబాయ్?" అన్నాడు ఎదురుగా కూర్చున్న టైలరు. రోజూ అడిగే ప్రశ్నే అన్నట్టు అడిగాడు.

"నీకు చెబితే అర్థమై చస్తుందా? నువ్వు కాజాలు కుట్టుకో."

"బాబాయిగారూ, ఆ ప్రోగ్రాం మీ దగ్గరుందాండీ? నాదీ అదే మెషిన్, మా ఆవిడకి..."

"ఉండకేం? లోకమంతా ఉంది. వినవయ్యా బాబూ, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అవసరమున్నవాడు ఓర్చుకోక తప్పుతుందా? డ్రైవరు ఓర్చుకున్నాడు. టీ కొట్టు నడిపే ఆవిడ అడక్కుండానే గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడని అందరూ అక్కా అనే పిలుస్తారు. "ఎవరికి తమ్ముడూ?" అంది మెల్లగా. "మా ఆవిడకక్కా" అన్నాడు. ఆవిడ సంచివైపు చూసింది, బాబాయ్ వైపు చూసింది. "బాబాయ్, ఇవాళ్టికి చాల్లే, అబ్బాయికి తొందర పనున్నట్టుంది" అంది. బాబాయ్ చెవికి ఎక్కితేగా!

"నేను దిద్దిన ప్రోగ్రాంని మళ్ళీ బజార్లో పెట్టాను, ఉచితంగా, నా పేరు కూడా వేసుకోలేదు. తెల్లారేసరికి మా వీధిలో ఉన్న మెషిన్లన్నీ దాన్ని వాటంతటవే ఎక్కించుకున్నాయి. పక్కింట్లో వాషింగ్ మెషిన్ ఎన్నాళ్ళుగానో మూలపడి ఉంది. అది లేచి బట్టలుతికి, ఆరేసి, ఏ చొక్కా ఎవరిదో చూసి మడతపెట్టింది. ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు, వాళ్ళ చీరలు మాత్రం పక్కపక్కన పెట్టిందట!"

"నయం, వాళ్ళిద్దర్నీ కూడా ఉతకలేదు" అన్నాడు టైలరు.

డ్రైవరు నవ్వలేదు. మూలపడ్డ మెషిన్ తిరగడం వరకూ పోన్లే అనుకున్నాడు. పెద్దాయన, నాలుగు మాటలు ఎక్కువ కలుపుతాడు, కలపనీ. ఆ మొదటిది నిజమైతే చాలు.

"అసలు నువ్వు కొన్న ఫోను నీదనుకుంటున్నావా?" బాబాయ్ గొంతు పెంచాడు. "నీది కాదు. నీ చేతిలో పెట్టి వాడుకోమన్నాడు కంపెనీవాడు, అంతే. వాడికి కోపమొస్తే ఆపేస్తాడు. మన ఇంట్లో ఉన్న వస్తువు మన మాట వినాలా, ఎక్కడో అద్దాల మేడలో కూర్చున్నవాడి మాట వినాలా? ఈ ముక్క నేనంటే కంపెనీవాళ్ళకి కడుపు మండింది. విమానంలో దిగారు నా కోసం. సూట్లు, బూట్లు! 'అయ్యా, మీ ప్రోగ్రాం మా ఆఫీసు దాకా వచ్చేసింది, లిఫ్ట్ మా మాట వినడం లేదు, ఎక్కితే మీ వీధి పేరు చెప్పమంటోంది' అని కాళ్ళమీద పడ్డారు. పొండిరా అన్నాను. పోయారు. మెట్ల మీంచే పోయారు!"

టైలరు తొడ చరుచుకున్నాడు. "మరి ముందు ముందు ఎలా ఉంటుంది బాబాయ్? మెషిన్లే కుట్టేస్తాయంటున్నారు, మా గతేంటి?"

"నీ గతా? రాబోయే రోజుల్లో చొక్కాయే మనిషిని చూసి సాగుతుంది, ముడుచుకుంటుంది. పెళ్ళికెళ్ళి మెక్కొస్తే తనే రెండంగుళాలు వదులిస్తుంది. నువ్వింక చొక్కాలకి బుద్ధులు చెప్పుకోవాలి. నాకివన్నీ ఎలా తెలుసంటావ్? రేపటి మెసేజీలు నాకు ఇవాళే వస్తాయి." జేబులో ఫోన్లు తట్టాడు. "పైన తిరిగే శాటిలైట్లు దారి తప్పితే ఎవర్నడుగుతాయనుకున్నావ్? పొద్దున పళ్ళు తోముకునే టైములోనే ఫోన్లు. 'బాబాయ్, ఎడమకి తిరగమంటావా, కుడికా?' చంద్రుడు మొన్న కాస్త ఆలస్యంగా వచ్చాడు చూడు, అది నా తప్పే, నోట్లో బ్రష్షు ఉండి మాట స్పష్టంగా రాలేదు."

ఆయన కోతలు ఒక్కో మెట్టూ పైకెక్కుతుంటే, డ్రైవరు ఆశ ఒక్కో మెట్టూ కిందికి దిగుతోంది. లిఫ్ట్ దగ్గరే సగం చచ్చింది. చంద్రుడి దగ్గర కొసప్రాణంతో మిగిలింది. లేచి పోదామా అంటే ఎక్కడికి పోవాలి? ఈ సందులో అడగని కొట్టు లేదు. ఆ నల్లతెర, ఆ తెల్లగీత మాత్రం అబద్ధం కాదుగా, చూడకుండా ఆయనకెలా తెలుస్తుంది? ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నాడు. టీ చల్లారిపోయింది. కూతురికి ఫోన్ చేయాలంటే భయంగా ఉంది, చేసి ఏం చెప్పాలి?

"ఇంకా ఉంది," అన్నాడు బాబాయ్. ఇప్పుడాయన ఎవర్నీ చూడటం లేదు, సందు చివర ఎటో చూస్తున్నాడు. "అసలు చావంటే ఏంటనుకున్నార్రా? అదీ ఒక అప్‌డేటే. పైనుంచి వస్తుంది. అవునా, కాదా అని అడుగుతుంది. మనం చదవం, గమనించం, ఏదో ధ్యాసలో ఉండి అవునని నొక్కేస్తాం. అంతే, అయిపోయింది."

డ్రైవరు కుడిచేతి వేలు తనకి తెలీకుండానే ముడుచుకుపోయింది. నిన్న సాయంత్రం నొక్కిన వేలు.

"నేను ఆ బటనే పీకేశాను. అవును లేదు, కాదు లేదు, అసలు అడగడమే లేదు. ఆ రోజునుంచి మా వీధిలో ఒక్కరు పోలేదు. ముసలాళ్ళందరూ పొద్దున్నే లేచి కూర్చుంటారు, దగ్గు లేదు, ఆయాసం లేదు. ఆ తర్వాత ఏమైందో..."

"బాబాయిగారూ." డ్రైవరు గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు మీ అమ్మగారెలా ఉన్నారండీ?"

బాబాయ్ జేబులో ఫోన్లు సర్దుకున్నాడు. టైలరు తల దించుకుని చొక్కా మీద దారప్పోగులు ఏరుకోవడం మొదలెట్టాడు. అక్క పొయ్యి మంట తగ్గించింది.

"బాగానే... పడుకుంది. ఇంట్లో."

"నేనేం ఇబ్బంది పెట్టనండీ. మీ వెంట వస్తాను, గుమ్మంలోనే నిలబడతాను. ఆ మెషిన్ తిరుగుతుంటే ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను. ఆ ప్రోగ్రాం దానిలో ఉంటుందిగా, అందులోంచి దీనిలోకి..."

డ్రైవరు అందరి మొహాలూ చూశాడు.

"తమ్ముడూ," అంది అక్క, "ఆ పెద్దావిడ పోయింది. ఆ మెషిన్ ఆగిన రోజే పోయింది. మేమే మోసుకెళ్ళాం."

డ్రైవరు దిగ్గున లేచాడు. ఒళ్ళంతా మండిపోయింది. "మరి ఇంతసేపు... మీ అందరికీ తెలిసే... అక్కడ ఆడమనిషి ఊపిరాడక కూర్చుందండీ! నేనిక్కడ చంద్రుడి కథలు వింటున్నాను! ఒక్కరు, ఒక్కరైనా చెప్పొద్దా? మనుషులేనా మీరు?" అతని చేయి బాబాయ్ చొక్కా దాకా వెళ్ళింది. టైలరు అడ్డం రాబోతే అక్క వద్దని తలూపింది. బాబాయ్ కదల్లేదు, కొడితే పడదామన్నట్టే కూర్చున్నాడు. ఆ మొహం చూశాక డ్రైవరుకి చేయి రాలేదు. సంచి అందుకున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళావా?" అన్నాడు బాబాయ్. గొంతు పూర్తిగా మారిపోయింది, చిన్నగా, గరగరమంటూ ఉంది.

"పొద్దున్నే వెళ్ళాం. మంచాల్లేవన్నారు."

"ఇంట్లో మెషిన్ ఉందని చెప్పారా అక్కడ?"

"చెప్పాం."

"మేమూ చెప్పాం." బాబాయ్ లేచి నిలబడ్డాడు. డ్రైవరు చేతుల్లోంచి సంచి తీసుకుని మళ్ళీ కూర్చుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఉందంటే ఇంటికి పంపేస్తారు. ఆగిపోయిందన్నా, బాగుచేయించుకోమని పంపేస్తారు. లేదని చెప్పు. వేరే ఆసుపత్రికి వెళ్ళి, ఎప్పుడూ లేదని చెప్పు. మంచం లేదంటే నేలమీద పడుకోబెడతానను, గుమ్మంలోంచి కదలకు. దీన్ని నాకొదిలెయ్, ఎవరూ బాగుచేయలేరు. మనిషిని తీసుకెళ్ళవయ్యా, చీకటి పడకముందే తీసుకెళ్ళు."

డ్రైవరు ఒక్క క్షణం నిలబడ్డాడు. పొద్దున్నించి మొయ్యడానికి అలవాటైన చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. తర్వాత వ్యాన్ దగ్గరికి పరుగెత్తాడు.

తాళం తిప్పుతూనే ఇంటికి ఫోన్ చేశాడు. కూతురు వెంటనే ఎత్తింది. వెనక భార్య ఊపిరి వినిపిస్తోంది, పీల్చినప్పుడల్లా రంపం కోసినట్టు.

"నాన్నా, బాగైందా? అమ్మ అడుగుతోంది. బాగైందని చెప్పనా?"

చెప్పమంటే ఆవిడకి కాస్త ధైర్యంగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"లేదమ్మా, బాగవలేదు," అన్నాడు. "అమ్మకి చెప్పులు తొడుగు. వస్తున్నా."