పువ్వు వెనక చెయ్యి

ఆటోనగర్ వెనక వీధిలో కనకలక్ష్మి ఇల్లు, ఆదివారం పొద్దున. వచ్చినవాడు జయంత్. పోయిన ఏడాది కొండ మీద పాము కరిచి చనిపోయిన ఆమె కొడుకు చక్రికి స్నేహితుడు.

"కాఫీ వద్దాంటీ. తాగే వచ్చాను."

"తాగే వచ్చినవాడివి ఆ గ్లాసు వంకే చూస్తున్నావేం? తీసుకో. ఏడాదికి వచ్చావు."

"ఏడాది కాలేదేమో ఆంటీ."

"వాడు తొలకరికి పోయాడు. మొన్న మళ్ళీ తొలకరి పడింది. దాన్ని మీ లెక్కలో ఏమంటారో మరి."

"రావాలనే అనుకున్నాను. షాపులో పని... కొమ్మకి పట్టిన ఆ బదనిక మొక్క ఇంకా బతికే ఉందే!"

"బతక్కేం? చల్లపల్లి తోటలో విరిగిపడిన మామిడి కొమ్మతో సహా మోసుకొచ్చారుగా ఇద్దరూ. రోజూ నీళ్ళు చల్లుతున్నాను. ఎండాకాలంలో పూసింది కూడా. నీకు చూపిద్దామనుకున్నాను, నువ్వు రాలేదు."

"చూడాల్సింది."

"సరేలే. ఏదో అడగాలని వచ్చావు. అడుగు."

"చక్రి ఫోన్ ఎవరి దగ్గరుందాంటీ?"

"నా దగ్గరే. ఇంకెవరి దగ్గరుంటుంది?"

"అది పనిచేస్తోందా?"

"రీచార్జి చేయిస్తున్నాను. చేయించకూడదా?"

"అబ్బే, అది కాదు. మేం పూల ఫొటోలు పెట్టుకుంటాం చూడండి, ఇన్‌స్టాలో. అందులో నిన్న చక్రి పేరుతో ఫొటో వచ్చింది."

"వచ్చిందా."

"మా పూల ఫొటోలవాళ్ళందరూ బెదిరిపోయారు. సాయిశ్రీ అయితే ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఎవరో వాడి అకౌంట్లో దూరారంటున్నారు. మూయించేద్దామని వచ్చాను. ఫోన్ ఇస్తే చిటికెలో పని."

"ఏం ఫొటో?"

"పువ్వే."

"ఏం పువ్వు?"

"అదే... కొండపల్లి కొండ మీది నేల ఆర్కిడ్. తెల్లది. గోరంత ఉంటుంది."

"వాడు చివరిసారి వెళ్ళింది దానికోసమేగా."

"అవునాంటీ."

"అయితే పాత ఫొటో అయ్యుంటుంది."

"పాతది ఎక్కడిది? అంతకుముందు మాకెవరికీ అది దొరకలేదు. ఆ రోజు వాడు తియ్యనే లేదు. కెమెరాలో ఒక్కటీ లేదు, మీ ముందేగా చూశాం."

"సరే, ఎవరో తీశారు, పెట్టారు. దానికి భయమెందుకు?"

"పువ్వు వెనక చెయ్యి ఉందాంటీ."

"ఉంటే?"

"మేమిప్పుడు చెయ్యి పెట్టట్లేదు. వాడు పోయాక అందరం మానేశాం. నల్లటి అట్టముక్క పెడుతున్నాం. అదీ ముందు కర్రతో పొదంతా కదిలించి."

"అసలా చెయ్యి ఎందుకయ్యా? వాడు చెప్పేవాడు. నువ్వు చెప్పు, మళ్ళీ వింటాను."

"అంత చిన్న పువ్వు గాలికి ఊగుతుంటే కెమెరా దాన్ని పట్టుకోదు, వెనక గడ్డిని పట్టుకుంటుంది. అరచెయ్యి అడ్డం పెడితే పువ్వు తేటగా వస్తుంది. అందుకే ఎప్పుడూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఒకడు చెయ్యి, ఒకడు కెమెరా."

"నువ్వు కెమెరా."

"వాడు చెయ్యి. నాకు పొదలో చెయ్యి పెట్టాలంటే భయం. వాడికి తెలుసు. ఒక్కసారి కూడా పెట్టమనలేదు."

"ఆ రోజు మాత్రం రెండూ వాడే అయ్యాడు."

"షాపులో లోడు దిగిందాంటీ. మధ్యాహ్నం వెళ్దాం ఆగరా అన్నాను. నువ్వాగమంటే పువ్వు ఆగుతుందా అన్నాడు."

"నిన్నేమీ అనను నాన్నా. నేను ఆగమన్నా ఆగలేదు. కట్టిన టిఫిను బల్ల మీదే వదిలేసి పోయాడు. సాయంత్రం దాకా ఆ డబ్బా అక్కడే ఉంది."

"ఆంటీ... మీరొకసారి ఆ చెయ్యి చూడండి. ఇదిగో. ఈ చిటికెన వేలు చూడండి."

"కళ్ళజోడు ఇలా అందుకో... ఊఁ. వంకరగా ఉంది."

"చక్రి వేలే. ఎన్ని పూల వెనక చూశాను దాన్ని! నిన్నట్నుంచి అన్నం సయించట్లేదు. ఇందాక బెంజ్ సర్కిల్ దగ్గర గ్రీన్ పడినా బండి కదల్చలేదు, వెనకవాళ్ళు తిట్టిపోశారు. కళ్ళు మూస్తే ఆ వేలే. మీరేంటి, నవ్వుతున్నారా?"

"నా చెయ్యి చూడు."

"ఏం?"

"ఎడమది. చిటికెన వేలు. వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? మా అమ్మదీ ఇంతే."

"మీరా? ఆ ఫొటో తీసింది మీరా?"

"నేనే తీశాను. వాడి కెమెరాతోనే. వాడి ఫోన్లోంచే పెట్టాను. ఎలా పెట్టాలో వాడే నేర్పాడు. వాడు తల దువ్వుకుంటూ, అమ్మా నువ్వు పెట్టెయ్యవే అని కేకేస్తే నేను పెట్టేదాన్ని."

"అమ్మయ్య... ప్రాణం లేచొచ్చిందాంటీ. ఆ కాఫీ ఇలా ఇవ్వండి."

"చల్లారిపోయింది. వెచ్చబెడతానుండు."

"వద్దొద్దు, ఇదే చాలు. అసలా చోటు మీకెలా తెలిసింది? మాకే తెలీదు."

"వాణ్ణి కిందికి మోసుకొచ్చిన బసవయ్య ఉన్నాడే, మేకలు కాస్తాడు, అతన్నే తీసుకెళ్ళమన్నాను. సగం దాకా వచ్చి, అదిగో ఆ బండ పక్కన అని చూపించి కూలబడ్డాడు. పైకి రమ్మంటే దణ్ణం పెట్టాడు, నేను రాలేనమ్మా అని. ఒక్కదాన్నే ఎక్కాను."

"ఆ మోకాళ్ళతోనా?"

"ఏ పువ్వు కోసం పోయాడో నేను చూడొద్దూ? దుంప నేల్లోనే ఉంటుందమ్మా, వాన పడితే మళ్ళీ లేస్తుంది అనేవాడు. లేచింది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, పీకి పారేసి రావాలనే వెళ్ళాను. తీరా చూస్తే ఇంతే ఉంది, పసిపిల్ల చెవిలా. చెయ్యి రాలేదు. వాడు తియ్యలేకపోయిన ఫొటో, నేనన్నా తీద్దామనిపించింది."

"బాగా చేశారు. కానీ పాములున్న చోట పొదలో చెయ్యి పెడతారా ఎవరైనా? మీకేమన్నా అయితే?"

"ముందు నువ్వా కాఫీ తాగు."

"కోప్పడట్లేదాంటీ. ఫొటో మాత్రం ఎంత బాగా వచ్చిందో! రేకు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. అంత బరువు కెమెరా ఒక్క చేత్తో పట్టుకుని ఎలా తీశారు? మా వల్లే కాదు."

"అదడుగుదామనే ఆ ఫొటో పెట్టాను."

"ఏది?"

"చూస్తే నువ్వు వస్తావని తెలుసు. పూల వెనక వాడి చెయ్యి నాకంటే నువ్వే ఎక్కువ చూశావు. గాభరా పడకుండా, సరిగ్గా చూసి చెప్పు జయంత్."

"ఇంకేం చూడాలి? మీ చెయ్యేగా? ఇందాక మీరే కదా..."

"నా వేలూ వాడి వేలూ ఒకటేనన్నాను. ఫొటోలో ఉన్నది నా చెయ్యి అనలేదు."

"ఆంటీ..."

"నా చేతులు వణుకుతాయి నాన్నా. కెమెరా రెండు చేతులతోనూ పట్టుకున్నాను."