ఎరుకైన పేరు

ఇస్నాపూర్‌లోని ఇంట్లో, కూతురు రవళి ల్యాప్‌టాప్ తెర మీద మెలితిరిగిన నిచ్చెనలాంటిది ఒకటి మెల్లగా తిరుగుతుంటే బాలప్ప కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"మన ఒంట్ల ఉండే డీఎన్‌ఏ నాయినా. అసలుది కాదు, కంప్యూటర్ల కట్టిన బొమ్మ. నా రీసెర్చ్ ఇదే."

"నడుమల గా నల్లగ ఇరుక్కున్నదేంది?"

"క్యాన్సర్ తెచ్చే కెమికల్. సూడు, అది దూరినకాడ నిచ్చెన ఎట్ల వంగిందో."

"మరి లోపట బాగు చేసేటోళ్లు ఉండరా?"

"ఉంటరు. గిదిగో, గీ పచ్చది వస్తది, తడుముతది, ఏం లేనట్టే పోతది. ఎన్నిసార్లు నడిపినా గంతే. దాన్ని ఇంట్ల మనిషే అనుకుంటదేమో."

పచ్చది వచ్చింది. నల్లదాన్ని తడిమింది. వెళ్లిపోయింది. బాలప్ప తెర దగ్గరికి వంగాడు.

"గా నల్లదాని పేరేంది?"

"బెంజిడిన్. సార్ శానా పేర్లు ఇచ్చిండు, నేను ఇదే తీసుకున్న. ఎందుకో, ఎప్పటి నుంచో ఎరుకైన పేరు లెక్క అనిపించింది. స్పెల్లింగ్ గూడ సూడకుండనే రాసిన."

బాలప్ప తల తిప్పి స్నానాలగది వైపు చూశాడు. అక్కడ నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము ఉంది. తను పనిచేసిన రంగుల కంపెనీలో ఖాళీ అయితే సబ్బుతో కడిగి తెచ్చుకున్నది. దాని మీది తెల్లటి అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

"నీకు నీళ్లు పోసుకుంట ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది గా డ్రమ్ము మీదనే బిడ్డా," అన్నాడు. "నీ వేలు పట్టి దిద్దిచ్చిన."