కెప్టెన్ ఆర్నీతా పంపిన లారీలు

ఏదీ, ఆ పేపరు ఇలా పట్రా. రోడ్డుకి మా ఆర్నీతా అక్క పేరు పెడుతున్నారా? అబ్బో! బతికున్నన్నాళ్లూ ఆ రోడ్డు మీది హోటల్లో కూర్చోబెట్టి కప్పు కాఫీ ఇచ్చినవాడు లేడు. ఇప్పుడు రోడ్డు రోడ్డంతా రాసిచ్చేస్తున్నారు. కూర్చో తల్లీ, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఏం చెబుతున్నానూ? ఆఁ, అక్క. మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ తెల్లవాళ్లిళ్లలో బట్టలుతికేది. ఈవిడ సైన్యంలో చేరతానంటే, "ఇక్కడ ఒక్క దొర చొక్కాలు ఇస్త్రీ చెయ్యలేక నేను చస్తుంటే, నువ్వెళ్లి వెయ్యిమందివి చేస్తావుటే?" అంది. పన్నెండేళ్లకి అదే పిల్ల కెప్టెనై మా ఊరి పక్క క్యాంపుకే వచ్చింది. లారీలన్నీ ఆవిడ చేతికింద. నేనూ అక్కడే డ్రైవర్ని, కార్పొరల్ని. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషికి పొద్దున్నే బూటుకాలు టపీమని కొట్టి సెల్యూట్ చెయ్యాలి! ఆవిడ మొహంలో ఒక్క నరం కదిలేది కాదు. ఆదివారం చర్చిలో మాత్రం చెవి మెలేసి, "ఏరా లూషస్, గురువారం నీ బూట్లకి పాలిష్ లేదు, చూళ్లేదనుకున్నావా?" అనేది.

క్యాంపు గేటు లోపల తెల్లసిపాయిలు కూడా "ఎస్ మేడమ్" అనాల్సిందే. గేటు దాటి మైలు నడిస్తే ప్రూయిట్ గారి కొట్టు. అక్కడ మా నల్లవాళ్లకి వెనక గుమ్మం. అదే యూనిఫాం, అదే మనిషి. మైలు దూరంలో ఏం అరిగిపోయేదో మరి!

అరవై మూడులో తుఫానొచ్చి నది గట్టు తెగింది. పొద్దున్నే ప్రూయిట్ గారు టోపీలోంచి నీళ్లు కారుతుంటే మా క్యాంపు ఆఫీసుకొచ్చాడు. "ఇక్కడ పెద్ద ఆఫీసరెవరు?" అన్నాడు. ఆవిడేనండీ అన్నాను. "ఆవిడ పైన?" కల్నల్ గారు ఊళ్లో లేరు, ఫోన్లు పోయాయి, ఆవిడ పైన ఇంక పైకప్పేనండీ అన్నాను. అక్క లేచి కుర్చీ చూపించింది. "రండి ప్రూయిట్ గారూ. మాకు వెనక గుమ్మం లేదు, ముందునుంచి రావాల్సొచ్చింది, ఏమీ అనుకోకండి" అంది. ఆయన కొట్లో చక్కెర బస్తాలు తడిసిపోతున్నాయిట, లారీలు కావాలిట. అక్క మ్యాపు పరిచింది. "మీ వీధిలో మోకాలి లోతు. పల్లపు వాడలో జనం ఇంటికప్పుల మీదున్నారు. ఎవరున్నా సరే, పల్లం ముందు." ఆయన మొహం కందగడ్డైంది. "అక్కడుండేది మీవాళ్లేగా?" "అవునండీ. కానీ వాళ్లని ముందు ఎంచుకున్నది నది, నేను కాదు."

మొదటి లారీ నేనే తోలాను. మీ అమ్మమ్మ ఆర్నెల్ల పిల్ల అప్పటికి, బట్టల బుట్టలో పెట్టి కప్పు మీంచి అందించారు. మీ ముత్తవ్వ మాత్రం, కొంపంతా మునిగినా సరే, చర్చి టోపీ నెత్తిన పెట్టుకునే దిగింది! ఒక్క ప్రాణం పోలేదు. ప్రూయిట్ గారి చక్కెర మాత్రం కరిగి నదంతా పానకమైంది.

ఊరుకుంటాడా? కాగితం పెట్టాడు, కెప్టెన్ తన జాతివాళ్లకే లారీలు పంపిందని. ముగ్గురు పెద్ద ఆఫీసర్లొచ్చి విచారణకి కూర్చున్నారు. వరదనాడు అక్క ఆఫీసు గదిలో ఉన్న మూడో మనిషిని నేనే కదా, పిలిచారు. "ఎవరున్నా సరే, పల్లం ముందు అందా? మావాళ్లు ముందు అందా?" అనడిగారు. నాకు పై నెలలో సార్జెంట్ ప్రమోషను. లోకంలో ఉన్న తెలివంతా ఆ క్షణాన నా బుర్రలోనే దూరింది. ఆవిడ ఏమందని చెప్పినా వీళ్లకి నచ్చదు, మధ్యలో నేనెందుకు అనుకున్నాను. "గుర్తులేదండీ" అన్నాను. అంతే. అబద్ధం కూడా కాదు చూశావా, సగం అబద్ధం.

అక్క మేజర్ కావాల్సింది, ఆగిపోయింది. ఇంకో ఎనిమిదేళ్లు చేసి కెప్టెన్‌గానే ఇంటికెళ్లింది. నాకు మాత్రం చొక్కా చేతి మీద కుట్టుకునే సార్జెంట్ మూడో పట్టీ వచ్చింది. అందరినీ వరసలో నిలబెట్టి, పేరు చదివి, నా చేతిలో పెట్టింది ఎవరనుకున్నావ్? ఆవిడే. పెదవి కదపకుండా నాకొక్కడికే వినపడేలా, "వణక్కు లూషస్, అందరూ చూస్తున్నారు" అంది.

...

ఆ కిటికీ వెయ్యి తల్లీ, చలిగాలి కొడుతోంది.